మూడో మీట

ఆ రోజు తిప్పలపేట నుంచి ఒక్క పడవ కూడా సముద్రంలోకి వెళ్లలేదు. మరో నాలుగైదు రోజులైతే వేట నిషేధం వస్తుంది. ఆ తర్వాత రెండు నెలలు పడవలన్నీ ఒడ్డునే. అలాంటప్పుడు ఒక రోజు వేట వదులుకోవడం ఎవరికీ మనసొప్పదు. అయినా వదులుకున్నారు. రెండు వేల పందొమ్మిది ఎన్నికల పోలింగు ఆ రోజే.

ఊళ్లో ఎలిమెంటరీ స్కూలే పోలింగ్ కేంద్రం. పొద్దున్నే మొదలు కావలసింది, మిషన్ మొరాయించడంతో ఆగిపోయింది. భోగాపురం నుంచి జీపులో మనిషి వచ్చి వేరే మిషన్ పెట్టి వెళ్లేసరికి ఎండ ముదిరిపోయింది. ఆడవాళ్ల వరస గేటు దాటి వలలు ఆరేసే చోటిదాకా సాగింది. చంకల్లో పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. మగవాళ్ల వరసలో ఒకతను పక్కవాళ్లకు సెల్‌ఫోన్లో వీడియో చూపిస్తున్నాడు. అది ఏ ఊరో, ఏ రాష్ట్రమో ఎవరికీ తెలియదు. అందులో ఏ గుర్తు నొక్కినా ఒకే గుర్తు దగ్గర ఎర్రదీపం వెలుగుతోంది. నెల రోజులుగా ఊరంతా చూసిన వీడియోయే, అయినా మళ్లీ చూస్తున్నారు. మిషన్‌ని కావాలనే పాడు చేశారని ఒకరన్నారు. కాదు, మార్చి తెచ్చినదాంట్లోనే మతలబు ఉందని ఇంకొకరన్నారు.

ఆడవాళ్ల వరసలో కూర్మమ్మ ఉంది. ఒడ్డున వేలంపాటలో చేపలు కొని, ఆటోలో విజయనగరం తీసుకెళ్లి అమ్ముతుంది. పెనిమిటి రాముడు వలలు బాగుచేస్తాడు. మరిది కొండబాబుకు సొంత పడవ ఉంది. ఈసారి అతను గొడుగు గుర్తు పార్టీకి ఏజెంటుగా లోపల బల్ల దగ్గర కూర్చున్నాడు. ఊళ్లో ఎక్కువమంది గొడుగు వైపే. ఏటా తుపానుకి పడవలు ఒడ్డునే విరిగిపోతున్నాయి, గెలిస్తే జెట్టీ కట్టిస్తానని గొడుగు అభ్యర్థి ఊరి మధ్య నిలబడి మాటిచ్చాడు. పక్క పేట వాళ్లది గంట గుర్తు.

ఓటర్లు రెండు మిషన్లలో ఓటెయ్యాలి. తెల్లకాగితం అంటించింది పార్లమెంటుది, గులాబీ కాగితం అంటించింది అసెంబ్లీది. కొండబాబు వారం రోజులుగా ఇంటింటికీ తిరిగి ముసలివాళ్లకు, చదువు రానివాళ్లకు నేర్పాడు. పైనుంచి మూడో మీట నొక్కాలని, పక్కనున్న అద్దంలో చీటీ కనబడేదాకా కదలొద్దని చెప్పాడు. వాళ్లు మరిచిపోకుండా వేళ్లు మడిచి చూపించాడు కూడా.

కూర్మమ్మ వంతు వచ్చింది. బయట ఎండలోంచి గదిలోకి అడుగుపెట్టేసరికి కళ్లకు చీకట్లు కమ్మాయి. వేలికి సిరా పూయించుకుని తెల్లకాగితం మిషన్‌కు అడ్డుపెట్టిన అట్ట చాటుకు వెళ్లింది. మీటలు వేలితో తడిమి లెక్కపెట్టి మూడోది నొక్కింది. అద్దంలో దీపం వెలిగి చీటీ కనబడింది. దాని మీద గంట ఉంది.

ఆమె కదలకుండా నిలబడిపోయింది. చీటీ తెగి కింద పడిపోయింది. బీప్‌మని మోగింది. ఏం చెయ్యాలో తోచక రెండో అట్ట చాటుకు వెళ్లి అక్కడ కూడా మూడోది నొక్కింది. ఈసారి గొడుగే వచ్చింది. బయటికి పోయే తలుపు దాకా నడిచి, మళ్లీ వెనక్కి తిరిగి వచ్చింది.

"మేడమ్, నాను ఏసింది ఒకటి, ఆ తెల్లకాయితం మిసను అద్దంలో వచ్చినాది ఇంకోటి" అంది.

ప్రిసైడింగ్ ఆఫీసరు అనూరాధ తలెత్తింది. ఆమె విజయనగరంలో హైస్కూలు టీచరు. తాతల నాటి నుంచి సంగీతం, చదువు చెప్పుకుని బతికిన ఇంటి మనిషి, గొంతు పెంచి మాట్లాడే అలవాటు లేదు. రెండు రోజులుగా సరైన నిద్ర లేదు, పొద్దున్నించీ మిషన్‌తో యాతన. ఆమె నోరు విప్పేలోపే కొండబాబు బల్ల దగ్గర నుంచి లేచాడు. ఇన్నాళ్లూ మేము చెప్పింది ఇదే కదా అన్నాడు. గంట గుర్తు ఏజెంటు నరసింగరావు కూడా లేచి, ఆవిడకి ఇంటి దగ్గరే నేర్పి పంపించారని అన్నాడు. కిటికీ దగ్గర నిలబడ్డ వాళ్ల చెవిన మాట పడింది. అక్కడి నుంచి గేటుకు, గేటు నుంచి ఒడ్డుకు పాకిపోయింది. కాసేపట్లో బయట ఒకటే గోల.

అనూరాధ పోలింగు ఆపించి కూర్మమ్మను కూర్చోమంది. ఆమె నిలబడే ఉంది. తన ముందున్న పుస్తకంలో రూల్ చూసుకుని అనూరాధ నెమ్మదిగా చెప్పింది.

"మీరు చెప్పింది రాసి ఇవ్వండి. అందరి ముందూ ఇంకోసారి నొక్కి చూద్దాం. మిషన్ తప్పని తేలితే ఇక్కడ పోలింగు ఆపేస్తాను. మీరు చెప్పింది తప్పని తేలితే మీ మీద కేసు పెట్టక తప్పదు. జైలు కూడా పడొచ్చు. ఆలోచించుకోండి, తొందరేం లేదు."

తొందరేం లేదని ఆమె అంటోంది గాని బయట గేటు ఊగిపోతోంది. అక్కడ ఉన్నది ఇద్దరే పోలీసులు. కూర్మమ్మ గేటు వైపు ఓసారి చూసింది. గంట చూసిన మాట అబద్ధం కాదు. తన కళ్లతో చూసింది. ఇప్పుడు కాదని వెనక్కి తగ్గితే రేపు ఒడ్డున తన మొహం ఎవరు చూస్తారు?

"ఏటీ బయపడకు వదినా, నానున్నాను" అన్నాడు కొండబాబు.

ఆమె చెప్పింది సిబ్బంది కాగితం మీద రాశారు, కూర్మమ్మ దాని కింద వేలిముద్ర వేసింది.

అంతా కలిసి తెల్లకాగితం మిషన్ దగ్గరికి వెళ్లారు. అట్ట పక్కకు జరిపారు. కిటికీలోంచి వెలుగు పడుతోంది. అప్పటికి ఆమె కళ్లు గదికి అలవాటుపడ్డాయి. మిషన్ మీది కాగితాన్ని మొదటిసారి తీరుబడిగా చూసింది. పైనుంచి మూడోది గంట. గొడుగు దాని కింద ఉంది.

కెరటం వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద ఇసుక జారినట్టయింది ఆమెకు. తిరిగి కొండబాబు వైపు చూసింది. అతనూ ఆ కాగితాన్నే చూస్తున్నాడు. పొద్దున మిషన్ పరీక్షించినప్పుడు మీటలు నొక్కింది సిబ్బంది. ఏజెంట్లు బల్ల దగ్గర కూర్చుని చీటీలు లెక్కపెట్టుకున్నారు. తెల్లకాగితం మీది వరసను కొండబాబు సరిగా చూసింది ఇప్పుడే. 

కూర్మమ్మ గొడుగు పక్కనున్న మీట నొక్కింది. అద్దంలో గొడుగు కనబడింది. అందరూ చూశారు.

నరసింగరావు ఊపిరి వదిలి, కేసు రాయండి మేడమ్ అన్నాడు. కొండబాబు తలెత్తకుండానే అన్నాడు.

"ఇంతమందీ సూస్తన్నప్పుడు ఏ దొంగ దొంగతనం సేస్తాడు? ఇప్పుడు సరిగ్గానే వస్తాది."

కిటికీ దగ్గరివాళ్లు ఆ మాట అందుకున్నారు. పరీక్షలో సరిగ్గా రావడమే మోసానికి సాక్ష్యమని ఒకడు అరిచాడు. గేటు గొళ్లెం ఊడింది. మిషన్ని సముద్రంలో పారేద్దాం రండని వెనక నుంచి ఎవరో కేకేశారు.  అనూరాధ మిషన్ ముందు నుంచి పక్కకు తప్పుకోలేదు.

కూర్మమ్మ ఎవరినీ అడగకుండా వరండాలోకి వచ్చింది. ఎదుట ఆడవాళ్ల వరసలో పెదనాన్న కోడలు మరిడమ్మ ఉంది. చూపు సరిగా ఆనని మనిషి. ఆమె వెనక అలాంటివాళ్లు ఇంకా ఎంతోమంది. వాళ్లంతా వేళ్లు మడుచుకుని మూడోది, మూడోది అని అనుకుంటూ నిలబడ్డవాళ్లే.

"ఒలే మరిడీ, అందరూ ఇనండి" అంది కూర్మమ్మ. గోలలో ఎవరికీ వినబడలేదు. చేపల పాట దగ్గర అరిచే గొంతు తెచ్చుకుని మళ్లీ అంది. "నా ఏలే తప్పు నొక్కినాది అనుకుంటన్నాను. రెండు మిసన్లలో వరస ఒకటి కాదు. లెక్కెట్టుకుని నొక్కకండి. బొమ్మ సూసి నొక్కండి."

ఏ బొమ్మో చెప్పొద్దని లోపల నుంచి అనూరాధ హెచ్చరించింది. కూర్మమ్మ చెప్పలేదు. మరి గంట వచ్చిందన్నావు కదా అని ఎవరో అడిగారు. వచ్చిందని, ఆ మాట ఇప్పటికీ నిజమేనని, నొక్కిందేదో మాత్రం ప్రమాణం చేసి చెప్పలేనని అంది. జనం కాస్త వెనక్కి తగ్గారు. నమ్మి తగ్గారో, ఏం చెయ్యాలో తెలియక తగ్గారో చెప్పడం కష్టం. ఈలోగా జీపులో మరికొందరు పోలీసులు దిగారు. వరస మళ్లీ కదిలింది.

అనూరాధ రాయవలసింది రాసి, కూర్మమ్మతో మరోసారి వేలిముద్ర వేయించుకుంది. నాకు వేరే దారి లేదమ్మా అంది. కూర్మమ్మను జీపులో ఎక్కించుకుని స్టేషనుకు తీసుకెళ్లారు. ఓ మూల బల్ల మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, సాయంత్రానికి నోటీసు చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు. రాముడు స్టేషను బయటే కాచుకుని ఉన్నాడు. 

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఓట్ల లెక్కింపుకు నెల్లాళ్లకు పైగా ఉంది. ఈలోగా వేట నిషేధం వచ్చింది, చేతిలో పని లేదు. మగవాళ్లు పడవల నీడన కూర్చుని అదే మాట తిప్పి తిప్పి మాట్లాడారు. కూర్మమ్మ గంట వాళ్ల దగ్గర ఏదో పుచ్చుకుందని కొందరన్నారు. స్టేషన్లో బెదిరించి ఉంటారని కొందరన్నారు. ఆమె స్టేషనుకు వెళ్లక ముందే ఆ మాట చెప్పిందన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. విజయనగరం వెళ్లే ఆటోలో ఆమె ఎక్కితే మిగతా ఆడవాళ్లు మాటలు ఆపేసేవారు. కొండబాబు భార్య బుల్లమ్మ నూతి దగ్గర ఎదురైతే మొహం తిప్పుకునేది.

ఓటింగు మిషన్ల పెట్టెలన్నీ విజయనగరంలో ఒక కాలేజీలో భద్రపరిచారు. అక్కడ రాత్రివేళ లారీ తిరిగిందని ఒక రోజు, గదిలో కెమెరాలు ఆగిపోయాయని ఇంకో రోజు కబురొచ్చేది. ఏది నిజమో ఎవరూ తేల్చలేదు. పార్టీ కుర్రాళ్లతో పాటు కొండబాబు కూడా వెళ్లి ఆ కాలేజీ గేటు ఎదుట కాపలా కూర్చున్నాడు.

కూర్మమ్మ ఎండుచేపలు అమ్ముకుని తిరిగి వస్తూ ఒక మధ్యాహ్నం అక్కడ ఆగింది. కొండబాబు రోడ్డు పక్కన టార్పాలిన్ పట్టా కింద కూర్చుని మేడ మీది కిటికీల వైపు చూస్తున్నాడు. గెడ్డం పెరిగింది, కళ్లు ఎర్రబడ్డాయి. ఆమె పక్కన కూర్చుంది. 

"తెల్లదాంట్లో నాలుగోది అని సెప్పాను నాను" అన్నాడు కొండబాబు.

"సెప్పనేదు కొండా."

"సెప్పాను. మీరే మర్సిపోనారు."

"రెండింటా మూడోదే అన్నావు. ఏళ్లు మడిసి సూపించావు."

అతను గేటు వైపు చూశాడు. లోపల ఒక పోలీసు నీడలోకి కుర్చీ జరుపుకున్నాడు.

"వదినా, ఆ గదిలోకి ఎవులైనా దూరి పెట్టెలు మార్సీసారంటే నాకు నిద్ర పడతాది" అన్నాడు కొండబాబు. "మార్సనేదంటే, నీకన్నా ముందు ఓటేసిన ముసిలోళ్లందరి సేతా గంటకి ఏయించింది నానే గదా."

అలా అని అతను ఎవరితోనూ అనలేడని కూర్మమ్మకు తెలుసు. తనతో అనడమే ఎక్కువ. బుట్టలో ఇంటికని కొన్న అరటిపళ్లు అతని పక్కన పెట్టి లేచింది.

మే నెలాఖరులో ఫలితాలు వచ్చాయి. అసెంబ్లీకి గొడుగు అభ్యర్థి గెలిచాడు. పార్లమెంటుకు గొడుగు అభ్యర్థి ఓడిపోయాడు. ఓడింది పెద్ద తేడాతోనే. తిప్పలపేట ఓట్లన్నీ అటువి ఇటైనా ఆ తేడా పూడేది కాదు. కాని తమ బూత్ లెక్క మాత్రం ఊరిని నిద్రపోనివ్వలేదు. అసెంబ్లీ మిషన్లో గంట గుర్తుకు పిడికెడు ఓట్లు పడ్డాయి. పార్లమెంటు మిషన్లో అదే గంటకు దానికి అనేక రెట్లు పడ్డాయి. చీటీలతో సరిచూసేది లాటరీలో వచ్చిన కొన్ని బూత్‌లనే. ఆ లాటరీలో తిప్పలపేట రాలేదు.

దాంతో కథ తిరగబడింది. ఆ రోజు కూర్మమ్మ చెప్పిందే నిజమని, పాపం ఆడమనిషిని పోలీసులు నోరు మూయించారని ఊరంతా అనసాగింది. ఆటోలో పిలిచి చోటిచ్చారు. మరిడమ్మ పులుసు గిన్నె పట్టుకుని వచ్చి, నేను కూడా ఏదో తేడా చూశానని చెవిలో చెప్పింది. కూర్మమ్మకు వెలివేసినప్పటి కంటే ఇదే ఎక్కువ ఊపిరాడనట్టయింది.

జూన్ మొదట్లో కొండబాబు ఒక లాయరును ఇంటికి తీసుకొచ్చాడు. ఉదయభాస్కర్ అనే ఆయన, పార్టీ తరఫున వచ్చాడు. మర్యాదస్తుడు. వరండాలో చాప మీదే కూర్చున్నాడు. పార్లమెంటు ఎన్నిక మీద హైకోర్టులో పిటిషన్ వెయ్యాలనుకుంటున్నామని, ఆమె సాక్ష్యం ఉంటే బలంగా ఉంటుందని చెప్పాడు. గొడుగు నొక్కితే గంట వచ్చిందని, భయపెట్టడం వల్ల మాట మార్చానని ఆమె చెబితే చాలు. ఆమె మీదున్న కేసు కూడా అప్పుడు నిలబడదట. వాకిట్లో ఊరు ఊరంతా మూగింది.

కూర్మమ్మ లాయరు వైపు తిరిగింది. 

"గంట సూసిన మాట నిజం బాబూ. అది ఎక్కడైనా సెప్తాను" అంది. "గొడుగు నొక్కినానని మాత్రం సెప్పలేను. మూడోది నొక్కినాను. మూడోది గంటది."

మరి ఇంతమంది ఓట్లు గంటకు ఎలా పోయాయని వాకిట్లోంచి ఒకడు నిలదీశాడు. లాయరు కూడా అదే అడుగుతున్నట్టు ఆమె మొహంలోకి చూశాడు. కూర్మమ్మ తల వంచుకుంది. ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు తెలుసు. చెప్పలేదు.

కొండబాబు గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, తుడిచిందే మళ్లీ తుడుచుకున్నాడు.

"ఆపండి సారూ" అన్నాడు. "ఓలందరికీ మూడోదని సెప్పింది నాను. తెల్లకాయితం వరస నాను సరిగ్గా సూడనేదు. ఆవిడని అడక్కండి."

ఎవరూ అతన్ని తిట్టలేదు. కొందరు అది కూడా నమ్మలేదు. వదినను కాపాడుకోడానికి తప్పు నెత్తినేసుకున్నాడని వెళ్తూ వెళ్తూ అనుకున్నారు. లాయరు చెప్పులు వేసుకుంటూ, మీరన్నది నిజమే కావచ్చు గాని మిషన్ తప్పు లేదని కూడా ఇప్పుడెవరూ చెప్పలేరు కదా అన్నాడు.  పిటిషన్ సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

కేసు మాత్రం పోలేదు. వాయిదాల మీద వాయిదాలు పడి, చలికాలంలో విచారణకు వచ్చింది. కోర్టు వరండాలో కూర్మమ్మ పక్కనే అనూరాధ వచ్చి కూర్చుంది. ఆమె సాక్షి. ఎలా ఉన్నారని అడిగి, ఆ రోజు నుంచి తనకూ స్థిమితం లేదని చెప్పింది. సీలు వేసిన పెట్టెలో చీటీలు ఉన్నాయి, వాటిని లెక్కపెట్టినా మిషన్ చెప్పిన లెక్కే వస్తుందని తన నమ్మకం. కాని ఎవరి వేలు ఎక్కడ పడిందో ఆ చీటీ చెప్పదు కదా అంది. మీరు రాసింది సరిగ్గానే రాశారమ్మా అని కూర్మమ్మే ఆమెను ఓదార్చింది.

ఒప్పుకుంటే ఈ రోజుతో అయిపోతుందని ఆమె తరఫు ప్లీడరు చెప్పాడు. కూర్మమ్మ బోనెక్కి, తప్పు చెప్పానని, అబద్ధం మాత్రం ఆడలేదని అంది. మెజిస్ట్రేటు ఆమెను ఒకసారి పరకాయించి చూసి, కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవాలని శిక్ష వేశారు. ఆమె వెళ్లి వెనక బల్ల మీద కూర్చుంది. కొండబాబు వచ్చి పక్కన కూర్చున్నాడు. నీకు శిక్ష లేదు, బయట ఉండమని బంట్రోతు చెప్పాడు. కొండబాబు వినిపించుకోలేదు. బంట్రోతు ఇంకోసారి చెప్పి ఊరుకున్నాడు. సాయంత్రం దాకా పొలం గట్ల తగాదాలు, స్కూటర్ల ప్రమాదాలు, మొగుడూ పెళ్లాల గొడవలు వాళ్ల ముందు నుంచి వెళ్లాయి.

కోర్టు లేచింది. మెట్లు దిగుతూ కొండబాబు అడిగాడు, ఈసారి ఓటెయ్యడానికి వస్తావా అని.

"వస్తాను" అంది కూర్మమ్మ. రోడ్డు మీద ఆటోలు కదిలిపోతున్నాయి. ఆమె కొంగు దోపుకుని అడుగు వేగం పెంచింది. "ఏస్తాను గాని, నమ్మి ఏస్తానో నేదో ఇప్పుడు సెప్పలేను కొండా. బేగి నడు, బండెళ్లిపోతాది."